పాత ట్రాక్టరులో విద్యుత్ లోపములు – వాటిని రైతు కనుగొను విధము

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పాత డీజిలు ట్రాక్టరులో ఒక సదుపాయము కలదు. ఇంజను ఒకసారి అంటుకొన్న పిమ్మట దానికి విద్యుత్తుతో పని లేదు. గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టు వేడిమికే డీజిలు మండును. డీజిలు పంపు ఇంజనుతోపాటు తనంత తానే తిరుగును. ఈ సదుపాయమే మనలను ఏమరుపాటున పడవేయుచున్నది. "బండి నడుచుచున్నది గదా" అని బ్యాటరీ సంగతి, తీగల సంగతి, దీపముల సంగతి మరచిపోవుచున్నాము.

దీని ఫలితము మూడు విధముల కనబడును. సెల్ఫ్ అందుకొనక, ట్రాక్టరును మిట్టపై నిలిపి ఉదయమున పల్లమునకు దొర్లించి స్టార్టు చేయుట ఒకటి. సెల్ఫ్ మోటారు కొనలకు స్క్రూడ్రైవరు అడ్డము పెట్టి తిప్పుట రెండవది. వెనుక దీపము లేకయే ధాన్యపు బస్తాలతోనో, పత్తితోనో నిండిన ట్రైలరును చీకటిలో రోడ్డు మీదికి తీసికొనిపోవుట మూడవది. ఈ మూడును ప్రాణములకు ముప్పు తెచ్చునవే. లోపము చూడబోతే, అనేక పర్యాయములు తుప్పుపట్టిన ఒక బిగింపో, ఎలుక కొరికిన ఒక తీగయో అయి ఉండును.

1960, 1970 దశాబ్దములలో మన దేశమున తయారైన మాసీ ఫెర్గూసన్, ఇంటర్నేషనల్ బి-275, హెచ్.ఎం.టి. జీటర్ వంటి ట్రాక్టర్లు, ఆ పిమ్మటి దశాబ్దములలో వచ్చినవి, మన పల్లెలలో ఇంకను పనిచేయుచున్నవి కలవు. వాటి విద్యుత్ అమరిక మిక్కిలి సులువైనది. ఓపికగా వరుసక్రమమున చూచిన రైతు లోపములలో అధికభాగమును తానే కనుగొనగలడు. ఆ వరుసనే ఈనాడు మీకు చెప్పదలచితిని.

విద్యుత్తు నడచు దారి

బ్యాటరీ ఒక చెరువు వంటిది. డైనమో గాని, ఆల్టర్నేటరు గాని ఆ చెరువును నింపు వాగు వంటిది. తీగలు పంట కాలువలు. స్విచ్చి తూము తలుపు. ఇంతవరకు పోలిక సరిపోవును. కాని ఒక భేదము కలదు. కాలువ నీరు మడిలో ఇంకిపోవును. విద్యుత్తు అట్లు కాదు. అది బయలుదేరిన చోటికి తిరిగి చేరవలెను. తిరుగు దారి లేనిచో ప్రవాహమే ఉండదు.

ట్రాక్టరులో ఈ తిరుగు దారికి వేరే తీగ వేయరు. ఇంజను, ఛాసిస్, మడ్గార్డు – ఈ ఇనుప శరీరమే తిరుగు దారి. దీనినే ఎర్త్ అందురు. కొత్త ట్రాక్టరులో ఇనుమును ఇనుము గట్టిగా అంటుకొని ఉండును. ఏండ్లు గడచిన కొలది నడుమ తుప్పు, రంగు, బురద చేరి దారి మూసికొనిపోవును. పాత ట్రాక్టరులో దీపము మసకగా వెలిగినను, సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినను మొదట అనుమానించవలసినది ఈ ఎర్త్‌నే. బల్బులు, బ్యాటరీలు కొనుట ఆ తరువాతి మాట.

కావలసిన పనిముట్లు

రెండు మూడు పానాలు, ఒక ఇనుప బ్రష్షు, గరుకు కాగితము, ఇన్సులేషన్ టేపు ఉండవలెను. ఒక 12 వోల్టుల బల్బు హోల్డరుకు రెండు మూరల తీగలు రెండు కలిపి ఉంచుకొనవలెను. ఇదియే పరీక్ష దీపము. వీలైనచో చిన్న మల్టీమీటరు ఒకటి కొనుట మంచిది. దాని వెల స్వల్పము. ఊహ మీద కొను ఒక అనవసరపు బ్యాటరీ ధరతో అనేక మీటర్లు వచ్చును.

పని ఆరంభించుటకు ముందు

ఇంజను ఆపి, గేరును న్యూట్రలులో ఉంచి, హ్యాండు బ్రేకు వేయవలెను. తీగలు విప్పునపుడు మొట్టమొదట బ్యాటరీ ఎర్త్ తీగను తీయవలెను. బిగించునపుడు దానిని చిట్టచివర బిగించవలెను. కారణమేమన, ఎర్త్ తీగ తీసియున్నచో రెండవ కొనను విప్పునపుడు పానా ఇనుమునకు తగిలినను ప్రమాదము లేదు. ఈ వరుస తప్పినచో పానా ఎర్రగా కాలి చేతిని మాడ్చును.

బ్యాటరీ ఛార్జి అగునపుడు హైడ్రోజను వాయువు వెలువడును. అది నిప్పురవ్వకే పేలును. కావున బ్యాటరీ దగ్గర బీడీ, చుట్ట, అగ్గిపుల్ల పనికిరావు. నీటిమట్టము చూచుటకు అగ్గిపుల్ల వెలిగించువారు కలరు. అది మిక్కిలి ప్రమాదము. ఆమ్లము కంటిలో పడినచో వెంటనే మంచినీటితో కనీసము పావుగంట సేపు కడిగి, వైద్యుని వద్దకు పోవలెను.

బ్యాటరీ పరీక్ష

12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టుల నిచ్చును. రాత్రియంతయు విశ్రాంతిగా నున్న బ్యాటరీ ఉదయమున మీటరుపై 12.6 వోల్టుల దరిదాపు చూపినచో నిండుగా ఉన్నదని అర్థము. 12.2 చూపినచో సగము మాత్రమే ఉన్నది. 12 వోల్టులకు దిగినచో సెల్ఫ్ తిప్పుట కష్టము.

వోల్టులు చాలినంతనే బ్యాటరీ మంచిదని తేల్చరాదు. బరువెత్తినపుడే ఎద్దు సత్తువ తెలియును. కావున సెల్ఫ్ తిప్పుచు మరియొకరిచే మీటరు చూపించవలెను. అపుడు వోల్టులు 9.5 కంటె దిగజారినచో బ్యాటరీ నీరసించినదైనను కావలెను, సెల్ఫ్ మోటారు మితిమీరిన విద్యుత్తును లాగుచున్నదైనను కావలెను. బ్యాటరీకి వెలుపల పూర్తిగా ఛార్జి పెట్టించి మరల పరీక్షించినచో ఏది నిజమో తేలును.

మూతలు గల బ్యాటరీ అయినచో హైడ్రోమీటరుతో ఒక్కొక్క గదిని చూడవలెను. అయిదు గదులు ఒకే తీరుగా నుండి, ఒక గది మాత్రము 0.050 కంటె ఎక్కువగా తగ్గియున్నచో ఆ గది చెడినది. అట్టి బ్యాటరీకి ఎంత ఛార్జి పెట్టించినను వృథా.

ఫలకములు మునిగియుండునట్లు డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. బావి నీరు, బోరు నీరు పోయరాదు. వాటిలోని లవణములు ఫలకములను చెరచును. ఆమ్లము కూడ పోయరాదు. ఆవిరియై పోవునది నీరే గాని ఆమ్లము కాదు.

కొనలపై తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టినచో మూతలు గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన పిమ్మట బ్రష్షుతో తళతళలాడునట్లు గీకవలెను. బిగింపు పూర్తియైన తరువాత పైన కొద్దిగా వాసెలిను పూయవలెను. బిగించుటకు ముందు గ్రీజు మెత్తుట మంచిది కాదు.

సెల్ఫ్ తిరుగనపుడు

ఇందులకు పనిముట్లు లేని పరీక్ష ఒకటి కలదు. హెడ్ లైట్లు వేసి, వాటిని చూచుచు సెల్ఫ్ బటను నొక్కవలెను.

1. దీపములు పూర్తిగా ఆరిపోయినను, మిక్కిలి మసకబారినను బ్యాటరీ బలహీనమైనది, లేదా లావు తీగల బిగింపు వదులైనది. సెల్ఫ్ పళ్లచక్రము ఇరుకుకొన్నను ఇట్లే జరుగును.

2. దీపములు ఏ మార్పును లేక వెలుగుచు, ఎట్టి శబ్దము రానిచో విద్యుత్తు సెల్ఫ్ వరకు పోవుట లేదు. బటను, సన్నని తీగ, సోలినాయిడు, న్యూట్రల్ స్విచ్చి ఉన్నచో అది – వీటిని వరుసగా చూడవలెను.

3. దీపములు బాగుగా వెలుగుచు, "టక్" అను శబ్దము మాత్రము వచ్చి మోటారు తిరుగనిచో సోలినాయిడు లోపలి బిళ్లలు కాలియుండును, లేదా మోటారులోని కార్బను బ్రష్షులు అరిగియుండును.

సెల్ఫ్ మోటారు కొన్ని వందల ఆంపియర్ల విద్యుత్తును ఒక్క పెట్టున లాగును. ఇంతటి ప్రవాహమునకు చిన్న తుప్పు పొర కూడ పెద్ద అడ్డుకట్టయే. దానిని కనుగొను ఉపాయము చెప్పెదను. మీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్త్ స్తంభముపైనను, రెండవ కొనను ఇంజను శుభ్రమైన ఇనుముపైనను ఉంచి, సెల్ఫ్ తిప్పించవలెను. మీటరు అర వోల్టు కంటె ఎక్కువ చూపినచో ఎర్త్ దారిలోనే లోపము. ఎర్త్ తీగ ఛాసిస్‌ను అంటుచోట విప్పి, రంగు, తుప్పు పోవునట్లు గీకి మరల బిగించవలెను. మీటరు లేనివారు సెల్ఫ్ తిప్పి ఆపిన వెంటనే ఒక్కొక్క బిగింపును జాగ్రత్తగా తాకి చూచిన చాలును. వేడెక్కిన బిగింపే దొంగ.

సెల్ఫ్‌ను ఒక్క పర్యాయమున 10 సెకండ్లకు మించి తిప్పరాదు. ఒక నిమిషమైన విశ్రాంతి నిచ్చి మరల తిప్పవలెను.

ఇక స్క్రూడ్రైవరు సంగతి. నేలపై నిలబడి సెల్ఫ్ కొనలను కలిపినచో న్యూట్రల్ స్విచ్చి గాని, తాళము గాని అడ్డుపడవు. గేరులో ఉన్న ట్రాక్టరు ఇంజను అంటుకొన్న తక్షణమే కదలును. అట్లు కలుపు మనిషి నిలుచుండునది పెద్ద చక్రమునకు ముందుననే. తప్పించుకొనుటకు వ్యవధి ఉండదు. "న్యూట్రలులో ఉన్నదిలే" అను నమ్మకముతోనే ఈ ప్రమాదములు జరుగుచున్నవి. మీ డ్రైవరుకు, ఇంటి పిల్లలకు ఈ అలవాటు ఉన్నచో ఈనాడే మాన్పించండి.

బ్యాటరీ నిండనపుడు

మొదట ఫ్యాను బెల్టు చూడవలెను. రెండు కప్పీల నడుమ వ్రేలితో నొక్కినపుడు సుమారు అర అంగుళము మేర దిగవలెను. అంతకు మించినచో బెల్టు జారుచున్నదన్నమాట.

తరువాత ఇంజనును మధ్యస్థ వేగమున నడిపి, బ్యాటరీ కొనల వద్ద వోల్టులు చూడవలెను. 13.8 నుండి 14.4 వరకు ఉన్నచో అమరిక సరిగానున్నది. ఇంజను ఆపియున్నప్పటి అంకెయే మారక నిలిచినచో ఛార్జి లేదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. నీరు త్వరగా ఆవిరియగుట, బల్బులు తరచు మాడుట దాని గుర్తులు.

పాత డైనమోలకు సాధారణముగా "డి", "ఎఫ్" అను రెండు కొనలుండును. "డి" లావుగాను, "ఎఫ్" సన్నగాను ఉండును. ఆ రెండు తీగలను విప్పి, కొనలను చిన్న తీగతో కలిపి, ఆ తీగకును డైనమో శరీరమునకును నడుమ మీటరు పెట్టి, ఇంజనును నెమ్మదిగా నడపవలెను. వేగము కొద్దిగా పెంచగనే వోల్టులు చకచక పెరిగినచో డైనమో మంచిదే. లోపము రెగ్యులేటరు పెట్టెలోనో, తీగలలోనో ఉన్నది. 20 వోల్టులు చేరక ముందే వేగము తగ్గించవలెను. వోల్టులు పెరుగనిచో బ్రష్షులు అరిగియుండును, లేదా లోపలి చుట్టలు చెడియుండును. ఈ పరీక్ష డైనమోకు మాత్రమే. ఆల్టర్నేటరుకు చేయరాదు.

ఇంజను ఆపిన పిమ్మట కూడ ఆమీటరు ముల్లు డిశ్చార్జి వైపున గట్టిగా నిలిచిపోయినచో కటౌట్ బిళ్లలు అంటుకొనిపోయినవని అర్థము. ఆలసింపక బ్యాటరీ ఎర్త్ తీగ తీయవలెను. లేనిచో బ్యాటరీ ఖాళీయగుటయే గాక తీగలు కాలును. గడ్డివాము ప్రక్కన నిలిపిన ట్రాక్టరులో ఇది జరిగినచో ఏమగునో మీరే ఊహించుకొనగలరు.

ఆల్టర్నేటరు గల ట్రాక్టరులో ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీయరాదు. దానిలోని డయోడులు క్షణములో చెడును.

రాత్రి దమ్ములో లెక్క

"పగలు బాగుగానే ఉండును, రాత్రి దమ్ము చేసిన మరునాడే సెల్ఫ్ అందుకొనదు" అని డెల్టా రైతులు చెప్పుట కలదు. ఇందులో వింత లేదు, లెక్క కలదు. 45 వాట్ల హెడ్ లైట్లు రెండు 90 వాట్లు. నాగలి దీపము 35 వాట్లు. చిన్న దీపములు నాలుగు 20 వాట్లు. మొత్తము 145 వాట్లు. దీనిని 12 చే భాగించిన సుమారు 12 ఆంపియర్లు. పాత డైనమోలలో నిండు వేగమున 11 ఆంపియర్లే ఇచ్చునవి కలవు. రాబడి పదకొండు, ఖర్చు పండ్రెండు అయినపుడు ఏ ఇల్లును నిలువదు. ఇంజను వేగము తగ్గినచో రాబడి ఇంకను తగ్గును.

అక్కరలేని దీపములు ఆర్పుట ఒక మార్గము. వాటేజి తక్కువగల ఎల్.ఇ.డి. దీపములు అమర్చుట ఇప్పటి మేలైన మార్గము. తక్కువ విద్యుత్తుతో అంత వెలుతురును అవి ఇయ్యగలవు. డైనమో చాలలేదని 100 వాట్ల బల్బులు తెచ్చి వేయుట మాత్రము తెలివి కాదు. తీగలు, స్విచ్చి ఆ భారమును మోయలేవు.

దీపముల లోపములు

ఒక్క దీపము మాత్రమే వెలుగనిచో బల్బును, హోల్డరును, ఆ దీపపు ఎర్త్‌ను చూడవలెను. బల్బు తీసి హోల్డరు లోపలి తుప్పు గీకినంతనే అనేక దీపములు వెలుగును. దమ్ము నీరు చిమ్మి చేరు చోటు అదియే.

దీపములన్నియు ఒక్కసారిగా ఆరినచో ఫ్యూజు, స్విచ్చి, స్విచ్చికి వచ్చు ప్రధాన తీగ – వీటిలో లోపము. పరీక్ష దీపపు ఒక కొనను ఛాసిస్‌కు పెట్టి, రెండవ కొనతో బ్యాటరీ నుండి ముందుకు ఒక్కొక్క బిగింపును తాకుచు రావలెను. ఎచట వెలుగుట మానునో ఆ చోటికిని దాని ముందరి చోటికిని నడుమనే తీగ తెగినది.

దీపము మసకగా నున్నచో బ్యాటరీ ఎర్త్ స్తంభము నుండి ఒక తీగ తెచ్చి దీపపు శరీరమునకు తాకించి చూడవలెను. వెలుగు పెరిగినచో ఎర్త్ చెడినది. అపుడు దీపము నుండి ఛాసిస్‌కు వేరుగా ఒక తీగ వేసిన చాలును.

దీపములు మినుకుమినుకుమనుచున్నచో ఏదియో బిగింపు వదులుగా నున్నది. ఇంజను అదురుకు తీగ ఇనుప అంచున ఒరసికొనుచున్నదేమో కూడ చూడవలెను. తీగ ఇనుమును దాటు ప్రతిచోట రబ్బరు వాషరు ఉండవలెను.

ఫ్యూజు మాటిమాటికి పోవునపుడు

ఫ్యూజు పోయినచో దానికి బదులు రాగి తీగనో, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమునో చుట్టుట మన పల్లెలలో చూచుచున్నాము. ఫ్యూజు కావలివాడు. కావలివానిని కట్టివేసి దొంగ రాలేదని సంతోషించుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఫ్యూజు కాలుటకు బదులు లోపలి తీగలు కాలును.

లోపము కనుగొనుటకు కాలిన ఫ్యూజు తీసి, దాని రెండు కొనల నడుమ 21 వాట్ల బల్బు ఒకటి కలపవలెను. ఆ దారిలోని దీపపు బల్బులను తీసివేసి స్విచ్చి వేయవలెను. పరీక్ష బల్బు నిండుగా వెలిగినచో ఆ దారిలో ఎచటనో తీగ ఇనుమును తాకుచున్నది. ఇపుడు ఒక్కొక్క శాఖ తీగను విప్పుచు పోవలెను. ఏ తీగ విప్పినపుడు బల్బు ఆరునో లోపము ఆ తీగలోనే. తీగను కదల్చుచు, ఎలుక కొరికిన చోట్లను, ఇంజను వేడికి కరగిన చోట్లను వెదకవలెను. కొత్త తీగ వేయునపుడు ఇంటి దీపముల సన్నని తీగ పనికిరాదు. హెడ్ లైట్ల ప్రధాన తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ కారాదు.

ట్రైలరు దీపములు

అన్నింటికంటె ముఖ్యమైనది, అన్నింటికంటె నిర్లక్ష్యము చేయబడునది ఇదియే. గుంటూరు యార్డుకు మిరపకాయలు, వరంగల్లు ఎనుమాముల మార్కెట్టుకు పత్తి తీసికొనిపోవు ట్రైలర్లు తెల్లవారకముందే రోడ్డెక్కును. వెనుక వచ్చు మోటారు సైకిలువానికి దీపములేని ట్రైలరు చీకటిలో చీకటియే.

ట్రైలరు వెనుక దీపములు వెలుగకపోవుటకు ఎక్కువగా ఎర్త్ లోపమే కారణము. ఎర్త్ దారి డ్రాబారు పిన్ను ద్వారా పోవుచున్నచో అచటి గ్రీజు, తుప్పు దానిని అడ్డగించును. బ్రేకు నొక్కినపుడు వెనుక దీపము ఆరుట, సిగ్నలు వేసినపుడు అన్ని దీపములు కలిసి మిణుకుట దీని గుర్తులు. ప్లగ్గులో ఎర్త్‌కు ప్రత్యేకముగా ఒక తీగ వేసినచో ఈ బాధ తీరును. దీనితోపాటు ట్రైలరు వెనుక రెండు ప్రక్కల ఎర్రని రిఫ్లెక్టర్లు బిగించి, బురద తుడుచుచుండవలెను. వాటికి బ్యాటరీ అక్కరలేదు, తీగ అక్కరలేదు. దీపము ఆరిననాడు కూడ అవి మిమ్ము కాపాడును.

పాజిటివ్ ఎర్త్ – ఒక హెచ్చరిక

ఇపుడు వచ్చు ట్రాక్టర్లలో బ్యాటరీ నెగటివ్ కొన ఛాసిస్‌కు బిగించియుండును. కాని బ్రిటిషు పద్ధతిన చేసిన కొన్ని పాత ట్రాక్టర్లలో పాజిటివ్ కొనయే ఎర్త్. బ్యాటరీ మార్చునపుడు ఇది చూడక బిగించరాదు. అట్టి ట్రాక్టరుకు అమరిక మార్చకయే ఆల్టర్నేటరు పెట్టినచో వెంటనే కాలును. అనేక రకముల ఎల్.ఇ.డి. దీపములు కూడ తీగలు తారుమారైనచో వెలుగవు. ఏది ఎర్త్ అయినదియు ఛాసిస్‌పై రంగుతో వ్రాసి ఉంచుట మేలు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

వారమునకు ఒకసారి దీపములన్నియు వేసి చూడవలెను. పక్షమునకు ఒకసారి బ్యాటరీ నీటిమట్టమును, బెల్టును చూడవలెను. దమ్ము ముగిసిన పిమ్మట ఎర్త్ బిగింపులన్నింటిని విప్పి, గీకి, మరల బిగించవలెను. పని లేని నెలలలో బ్యాటరీ తీసి పొడిచోట ఉంచి, నెలకు ఒకసారి ఛార్జి పెట్టించవలెను. ఖాళీగా పడియున్న బ్యాటరీ ఫలకములు గట్టిపడి మరల కోలుకొనవు.

డైనమో చుట్టలు, సెల్ఫ్ ఆర్మేచరు, రెగ్యులేటరు బిళ్లల సర్దుబాటు – ఇవి మీరు చేయు పనులు కావు. వాటిని తెలిసిన ఎలక్ట్రీషియనుకు అప్పగించవలెను. కాని అతని వద్దకు పోవునపుడు "బండి పాడైనది" అనక, "డైనమో వోల్టులు ఇచ్చుచున్నది, బ్యాటరీకి చేరుట లేదు" అని చెప్పగలిగినచో మీ కాలము, సొమ్ము రెండును మిగులును.

ఈ సాయంకాలము ఇంటికి పోయిన పిమ్మట ఒక్క పని చేయండి. ట్రైలరు తగిలించి, దీపములు వేసి, ఒకరిని బ్రేకు నొక్కమని, మీరు వెనుకకు పోయి నిలబడి చూడండి. వెలుగనిది ఏదో అచటి నుండియే మీ మరమ్మతు ప్రారంభము కావలెను.